రైళ్లు వేళకు నడచిన కాలము

నలుగురు పెద్దలు గూడినచోట ఎమర్జెన్సీ ప్రసంగము వచ్చెనా, ఒక మాట తప్పక వినబడును. "ఎవరేమన్నను ఆ రోజులలో రైళ్లు వేళకు నడచినవి, గుమాస్తాలు పదిగంటలకే బల్లల యొద్ద కూర్చుండిరి, కిరాణాకొట్ల ముందర ధరలపట్టీ వ్రేలాడెను" అని. 1975 జూను 25వ తేది రాత్రి ప్రకటింపబడిన ఆ అత్యవసర పరిస్థితికి 2025వ సంవత్సరముతో ఏబదియేండ్లు నిండినవి. దాని నెఱిగిన తరము నానాటికి తగ్గిపోవుచున్నది. ఆ మాట మాత్రము తగ్గలేదు. తండ్రులు చెప్పగా విన్న కుమారులు ఆ దినముల నెఱుగకయే దానిని వల్లించుచున్నారు. ఈ దేశమునకు అట్టి గట్టిచేయి మరల కావలెనను వాక్యము దాని వెనువెంటనే వచ్చుచున్నది. కావున ఈ మాటను ఒకమారు త్రాసులో వేసి తూచి చూచుట మన విధి.

తూచునపుడు మొదట పాటింపవలసిన ధర్మ మొకటి కలదు. మనకు గిట్టని నాయకుని పాలనలో జరిగిన మేలును మేలని యొప్పుకొనజాలనివాడు, కీడును కీడని చాటినను లోకము నమ్మదు. శ్రీమతి ఇందిరాగాంధి ప్రభుత్వము నాడు చేసినదంతయు చెడుగే యని వాదించువారు, తమ వాదమును తామే బలహీనపఱచుకొనుచున్నారు. రైలు వేళకు వచ్చుట మంచిదే. ఉద్యోగి వేళకు వచ్చుట మంచిదే. దొంగసరకు దాచిన వర్తకుడు జంకుట మంచిదే. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు రూపమున వెలువడి, 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిషేధము నిజముగా మంచిది; తరతరముల అప్పునకు తాకట్టుపడిన పాలేరును విడిపించు ఆ శాసనము నేటికిని అమలులో నున్నది. దీని నెవ్వరు కాదన్నను అది పక్షపాతమే యగును.

అంతకుముందటి కాలము శాంతముగా నుండెనని చెప్పుటయు సత్యము కాదు. 1972లో వర్షములు తప్పినవి. 1973 చివర చమురు ధరలు విపరీతముగా పెరిగినవి. 1974 సెప్టెంబరు నాటికి టోకుధరల పెరుగుదల యేడాదికి నూటికి 30ని మించినది. అదే సంవత్సరము మే నెలలో రైల్వే కార్మికుల మహాసమ్మె జరిగెను. గుజరాతులోను బీహారులోను వీథులు అట్టుడికినట్లుండెను. ఇట్టి స్థితిలో నున్న గృహస్థునకు, ధర నిలిచినది, సమ్మె ఆగినది, వీథి సద్దుమణిగినది యన్నచో ఊరట కలుగుట సహజము. ఆ ఊరటను పరిహసించుట మా యుద్దేశము కాదు. అది ఎక్కడినుండి వచ్చినది, దానికై చెల్లించిన వెల యెంత, ఆ వెలను చెల్లించిన వారెవరు అని అడుగుటయే మా యుద్దేశము.

మొదటి ప్రశ్నకు సమాధానము పంటపొలములలోనే యున్నది. వ్యవసాయము నెఱిగిన మన పాఠకులకు దానిని వేఱుగా బోధింప నక్కఱలేదు. 1974-75లో దేశమున ఆహారధాన్యముల దిగుబడి సుమారు 10 కోట్ల టన్నులు. 1975-76లో అది 12 కోట్ల టన్నులు దాటినది. ఈ రెండుకోట్ల టన్నులను పండించినది నైరృతి ఋతుపవనము. నిర్బంధ శాసనము కాదు. ఆ యేడు వానలు సకాలమున కురిసినవి. ధరల సంగతియు నట్టిదే. 1974 జూలైలో ప్రభుత్వము జీతములలో కొంతభాగమును నిర్బంధముగా పొదుపు చేయించి, లాభాంశములకు హద్దు విధించి, చలామణిలోని సొమ్మును బిగించినది. ఆ సంవత్సరాంతమునకే ధరలు దిగనారంభించినవి. అనగా ఎమర్జెన్సీకి అర్ధసంవత్సరము ముందుగనే, పత్రికలు స్వేచ్ఛగా నుండి, పార్లమెంటు స్వేచ్ఛగా నుండి, ప్రతిపక్షులు జైలు వెలుపల నున్న దినములలోనే వైద్యము ఫలించినది. 1975-76లో టోకుధరలు సగటున నూటికి ఒక వంతు తగ్గిన మాట నిజము. కాని అదే ఎమర్జెన్సీ కొనసాగుచుండగనే, 1976 మార్చి మొదలు 1977 మార్చి వఱకు ధరలు మరల నూటికి 10కి పైగా పెరిగినవి. భయమే ధరలను దించినదైనచో, ఆ రెండవయేట భయము తక్కువ కాలేదే, ధర లేల పెరిగెను?

ఇక మిగిలిన లాభములు. వానికి భయ మవసరమా? 1971 ఎన్నికలలో శ్రీమతి గాంధి పక్షమునకు లోకసభలో 352 స్థానములు లభించినవి. వెట్టి నిషేధమునకు, పన్ను ఎగవేతదారుల శిక్షకు, భూసంస్కరణలకు ఏ శాసనము కావలసినను దానిని ఒక్క వారములో గెలిపించుకొనగల బలమది. ఒక్క ప్రతిపక్ష సభ్యుని గాని, ఒక్క విలేఖరిని గాని బంధింప నవసరము లేకయే ఇవన్నియు జరిగి యుండవచ్చును. 1975 జూన్ 12వ తేదిన అలహాబాదు హైకోర్టు ఆమె ఎన్నికను రద్దుచేసిన తీర్పు వెలువడక ముందు ఈ కార్యక్రమములకు ఎమర్జెన్సీ కావలెనని ఎవ్వరికిని తోచలేదు. ఇరువదిసూత్రముల పథకము జూలై 1వ తేదిన వచ్చినది; నిర్బంధములు జూను 25 రాత్రియే ఆరంభమైనవి. రాష్ట్రపతి సంతకము రాత్రి జరుగగా, మంత్రిమండలి యామోదము మఱునాటి తెల్లవారుజామున పొందబడినది. క్రమము నెఱిగినవారు కారణమును నెఱుగుదురు.

లాభ మందఱికిని సమముగా పంచబడెనా యని కూడ చూడవలెను. కార్ఖానాలలో సమ్మెలు నిలిచినవి, యజమానులు సంతసించిరి. 1975 సెప్టెంబరులో కార్మికుల కనీసపు బోనసు నూటికి 8.33 నుండి 4కు తగ్గింపబడెను. అడుగుటకు సంఘము నోరు తెఱువరాదు; వ్రాయుటకు పత్రికకు వీలులేదు. ఒకని శాంతి మఱియొకని మౌనమై యుండెను.

ఇక వెల సంగతి. తరువాత విచారణ జరిపిన షా కమీషను లెక్క ప్రకారము, ఆంతరంగిక భద్రతా శాసనము క్రిందను, భారత రక్షణ నిబంధనల క్రిందను నిర్బంధింపబడినవారు 1,10,806 మంది. జయప్రకాశ నారాయణుడు మొదలు గ్రామములోని పాఠశాలోపాధ్యాయుని వఱకు వీరిలో గలరు. తమ నేల బంధించితిరని అడుగుటకై వీరు న్యాయస్థానముల కేగిరి. తొమ్మిది హైకోర్టులు వారి అర్జీలను విననగునని తీర్మానించినవి. 1976 ఏప్రిల్ 28వ తేదిన సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో విననక్కఱలేదని తీర్పుచెప్పెను. ఆ వాదము జరుగునపుడు న్యాయమూర్తి హెచ్. ఆర్. ఖన్నా ఒక ప్రశ్న వేసిరి: ఒక పోలీసు ఉద్యోగి స్వంత పగచేత నిరపరాధిని చంపినను, ఈ కాలమున కోర్టులో దిక్కు లేదా? తమ వాదము ప్రకారము లేదనియే ప్రభుత్వము పక్షమున అటార్నీ జనరలు చెప్పవలసి వచ్చెను. వేళకు నడచిన రైలుటిక్కెట్టు వెనుక ఈ సమాధానము వ్రాయబడి యున్నది. భిన్నాభిప్రాయము తెలిపిన ఆ యొక్క ఖన్నాగారిని దాటవేసి, 1977 జనవరిలో వారికంటె చిన్నవారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించిరి. ఆ తీర్పును సుప్రీంకోర్టు స్పష్టముగా కొట్టివేయుటకు 2017 వఱకు, అనగా నలుబదియొక్క సంవత్సరములు పట్టెను. ఏబదియేండ్ల క్రిందటి ధర నేడు అంగడిలో లేదు. ఆ తీర్పు నీడ మాత్రము ఒక తరమును దాటి వచ్చినది.

పత్రికల సంగతి మేము చెప్పినచో స్వార్థ మందురేమో. అయినను చెప్పక తప్పదు. జూను 25 రాత్రి ఢిల్లీలో పత్రికా కార్యాలయముల వీథికి విద్యుత్తు తీసివేయబడెను. మఱునాటి నుండి సెన్సారు ముద్ర లేనిదే వార్త వెలువడరాదు. పార్లమెంటులో పలికిన మాటను నిర్భయముగా ప్రకటించు హక్కు నిచ్చిన 1956 నాటి శాసనము రద్దయ్యెను. దానిని తెచ్చినవారు శ్రీమతి గాంధి భర్తయైన ఫిరోజ్ గాంధియే. ప్రెస్ కౌన్సిలు తొలగింపబడెను. నాలుగు వార్తాసంస్థలు 1976లో ఒక్కటిగా కలుపబడెను. దీని నష్టము పత్రికల వారికి మాత్రమే కలిగెననుకొనుట పొరపాటు. రైతునకు గిట్టుబాటు ధర లేదన్న వార్త రాదు. ఊరికి వచ్చిన అధికారి లంచగొండి యన్న వార్త రాదు. తుదకు పాలకులకే దేశస్థితి తెలియదు. గెలుతుమని నమ్మి 1977 జనవరిలో శ్రీమతి గాంధి ఎన్నికలు ప్రకటించిరి. ప్రజల తీర్పునకు నిలబడుట వారికి గౌరవమే. కాని ఉత్తరప్రదేశమునందలి 85 స్థానములలో గాని, బీహారునందలి 54 స్థానములలో గాని ఒక్కటియు తమ పక్షమునకు రాబోదని వారికి తెలుపగల పత్రిక నొక్కదానినైన వారు మిగుల్చుకొనలేదు.

అవతలి పక్షము వారు అన్నిటికంటె గొప్ప లాభముగా చెప్పుకొనినది కుటుంబ నియంత్రణము. దానిని ప్రత్యేకముగా పరిశీలింపవలెను. ఏలయన లాభమే నష్టముగా మాఱిన తీరు దీనిలో స్పష్టముగా కనబడును. జనసంఖ్య హద్దులో నుండవలెననుట మంచి యుద్దేశమే. 1975-76లో 26 లక్షలుగా నున్న శస్త్రచికిత్సలు 1976-77లో 81 లక్షలకు పైబడినవి. జిల్లాకింత, తాలూకాకింత యని లెక్కలు విధించిరి. తమ వంతు మనుష్యులను తీసికొనిరాని ఉపాధ్యాయుల జీతములు నిలిపివేసిన రాష్ట్రములు కలవు. చికిత్సానంతరము మరణించిన వారి సంఖ్య 1,774 అని షా కమీషను నివేదిక. లెక్క పూర్తియైనది, కార్యము చెడినది. 1977-78లో చికిత్సలు పదిలక్షలకైన చేరలేదు. అంతియ కాదు. ఆ యేడాది చికిత్స చేయించుకొనినవారిలో అధికసంఖ్యాకులు పురుషులు. ఆ బెదరు పుట్టిన పిమ్మట పురుషుడు వెనుదీసెను. ఏ ప్రభుత్వమును అతనిని మరల అడుగ సాహసింపలేదు. భార మంతయు స్త్రీలపై పడినది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, దేశమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది శస్త్రచికిత్స చేయించుకొనినవారు. పురుష చికిత్సను ఆశ్రయించిన దంపతులు నూటికి ఒక్కరైన లేరు. మన ఆంధ్రప్రదేశమున స్త్రీల సంఖ్య నూటికి అఱువదిని మించినది. దీనికంతటికి ఎమర్జెన్సీ యొక్కటే కారణమని చెప్పరాదు గాని, పురుషుని ఒప్పించుదారి నాడే మూతపడినదని చెప్పవచ్చును. ఇరువదియొక్క నెలల బలాత్కారమునకు మన ఆడపడుచులు ఏబదియేండ్లుగా వడ్డీ చెల్లించుచున్నారు.

రాజ్యాంగమునకు తగిలిన దెబ్బలలో చాలభాగము మానినవి. లోకసభ గడువును ఆఱేండ్లకు పెంచిన నిబంధనయు, కోర్టుల అధికారమును తగ్గించిన నిబంధనలును 1977, 1978 సంవత్సరముల సవరణలతో తొలగింపబడినవి. "ఆంతరంగిక కల్లోలము" అను అస్పష్టమైన కారణమునకు మాఱుగ "సాయుధ తిరుగుబాటు" అను పదము చేర్పబడెను. మంత్రిమండలి వ్రాతపూర్వకమైన సలహా లేనిదే ప్రకటన చెల్లదని విధింపబడెను. కాని మానని గాయములును కలవు. 1976 నాటి 42వ సవరణచేత విద్యయు, అడవులును రాష్ట్రముల జాబితానుండి ఉమ్మడి జాబితాకు పోయినవి. ప్రతిపక్ష నాయకులు పలువురు జైలులో నుండగా, వార్త వ్రాయ వీలులేని దినములలో జరిగిన ఈ మార్పు నేటికిని నిలిచియున్నది. అది మంచిదా చెడ్డదా యను చర్చ యటుండ, అట్టి గొప్ప మార్పు దేశప్రజలు నోరు మెదపలేని సమయమున జరుగుట న్యాయమేనా?

ఇప్పుడు మన సంగతికి వత్తము. 1977 ఎన్నికలలో ఉత్తరదేశ మంతయు ఒక వైపు తిరుగగా, మన రాష్ట్రము 42 స్థానములలో 41 కాంగ్రెసునకే యిచ్చెను. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారొక్కరే జనతాపక్షమున గెలిచిరి. దీనిని తప్పనుటకు మే మెవ్వరము? ఓటు ప్రజల సొత్తు. కాని దాని యర్థమును తెలిసికొనుట అవసరము. నిర్బంధ చికిత్సల క్రౌర్యము మన యెడ ఉత్తరదేశమునందువలె లేదు. ఢిల్లీ తుర్క్‌మాన్ గేటులో ఇండ్లు కూల్చి, అడ్డుపడిన వారిపై కాల్పులు జరిపిన వార్త మన పత్రికలలో రాలేదు. మనకు ధర నిలకడయు, వీథి నెమ్మదియు దక్కినవి. లాభమును మనము లెక్కించుకొంటిమి. వెలను ఇతరులు చెల్లించిరి. పొరుగువాని పొలమునకు గండికొట్టి పాఱించిన నీటితో మన మడి తడిసినచో, నీరు చల్లగానే యుండును. అది ఎక్కడిదని మాత్రము మనము అడుగలేదు.

వెల మన యింటికి రానేలేదా యన్నచో, వచ్చినది. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసుల తుపాకులకు బలియైరి. ఎదురుకాల్పులని ప్రకటన వెలువడెను. అట్టి ప్రకటనలు అంతకుముందు శ్రీకాకుళమునందును విన్నవే. ఈసారి మాత్రము అడుగుటకు కోర్టు లేదు, వ్రాయుటకు పత్రిక లేదు. ఎమర్జెన్సీ తొలగిన పిమ్మట న్యాయవిచారణ మొదలైనది గాని తుదివఱకు సాగలేదు. ఆ యువకుల మార్గమును మేము సమర్థింపము. నేరము చేసినచో న్యాయస్థానమున్నది. కాని విచారణ లేకయే ప్రాణము తీయవచ్చునను అలవాటు, "ఎన్‌కౌంటరు" అను పదముతో సహా, తెలుగుదేశమున తరువాతి దశాబ్దములలో ఎట్లు వేరూనెనో మన మెఱుగుదుము. ఎమర్జెన్సీ ఉత్తరువును ఒక్క సంతకముతో తీసివేయవచ్చును. ఉద్యోగి చేతికి పట్టుబడిన అలవాటును ఏ సంతకమును తీసివేయజాలదు.

రెండవ యుదాహరణము అందఱికిని జ్ఞాపకమున్నదే. 1984 ఆగష్టు 16వ తేదిన నందమూరి తారక రామారావు గారి మంత్రివర్గమును గవర్నరు రామ్‌లాల్ తొలగించెను. శాసనసభలో బలము నిరూపించుకొను నవకాశము నీయలేదు. అప్పుడు మాత్రము తెలుగువాడు భగ్గుమనెను. 1977లో ఢిల్లీ అధికారమునకు 41 స్థానములు కట్టబెట్టిన ప్రజలే, ఆ యధికారపు నీడ తమ గడపను త్రొక్కగా ఎదిరించి నిలిచిరి. సరిగా ఒక నెలకు, సెప్టెంబరు 16న, రామారావుగారు మరల ముఖ్యమంత్రి యైరి. ఈ రెంటిని పోల్చి చూడుడు. 1984లో అన్యాయము నెలదినములలో సరిదిద్దబడినది. ఏలయన పత్రికలు వ్రాసినవి, సభలు జరిగినవి, పార్లమెంటులో ప్రతిపక్షులు నిలదీసిరి, శాసనసభ్యులను దేశము ముందు నిలిపి లెక్కచూపుటకు వీలుండెను. 1975లో ఈ ద్వారములన్నియు మూతపడి యుండెను. కావుననే సరిదిద్దుటకు ఇరువదియొక్క నెలలు, కొన్నిటికి నలుబదియేండ్లు పట్టెను.

అట్లైన దేశమునకు క్రమశిక్షణ అక్కఱలేదా యని ప్రశ్నింతురు. ఉన్నది. వేళకు రాని ఉద్యోగికి శిక్ష యుండవలెను. దానిని విధించుటకు శాసనము లిప్పుడును చాలును. వీథులలో గందరగోళము పుట్టించిన ప్రతిపక్షులు తప్పు చేయలేదని మేమనము. కాని సమ్మెకు మందు చర్చ; ధరకు మందు పంట, పొదుపు; కుటుంబ నియంత్రణమునకు మందు చదువు, ఆసుపత్రి. ఇవి మెల్లగా పనిచేయును. మెల్లగా పనిచేయుటచేతనే నిలుచును. చెఱువుకట్టను త్రవ్వి ఆ మట్టితో ఇల్లు కట్టుకొన్నవానికి ఆ యేడు ఇల్లు లేకపోలేదు. మఱుసటి యేడు చెఱువు లేదు.

ఇందు వ్యక్తిద్వేషము లేదు. 1980లో ప్రజలు శ్రీమతి గాంధిని మరల గెలిపించిరి. మన మెదకు నియోజకవర్గమే వారిని లోకసభకు పంపెను. అది ప్రజల యధికారము. ఓటుతో వచ్చినవారు ఓటుతో పోవుదురు. అందు భయమునకు తావు లేదు. ఓటును, కోర్టును, పత్రికను తాకట్టుపెట్టి తెచ్చిన లాభమును గూర్చియే మా యాక్షేపణము. ఆ తాకట్టును పెట్టినవారు ఏ పక్షమువారైనను, నాడైనను నేడైనను రేపైనను, లెక్క యొక్కటే.

కనుక గట్టిచేయి కావలెనని యెవ్వరైన అన్నపుడు పాఠకులు మూడు ప్రశ్నలు వేయుదురు గాక. ఈ లాభము నిజముగా ఆ చేతినుండియే వచ్చినదా, లేక వానదేవుని చేతినుండి వచ్చినదా? ఇది శాసనబద్ధముగా రాజాలదా? ఇది నష్టమని రేపు తెలిసినచో, కాదని చెప్పుటకును త్రిప్పివేయుటకును మనకు ద్వారము తెఱచియుండునా? మొదటి రెంటికి సమాధానము లెట్లున్నను, మూడవదానికి లేదని సమాధానము వచ్చినచో ఆ బేరము ఎంత చౌకయైనను కొనదగినది కాదు. మన పూర్వులు భూమి క్రయపత్రము వ్రాసికొనునపుడు ధరకంటె ముందు హద్దులు చూచెడివారు. రాజ్యమిచ్చు లాభమును స్వీకరించునపుడును అదే బుద్ధి మనకు అవసరము. రైలు ఆలస్యమైనచో స్టేషనుమాస్టరును నిలదీయగల ప్రయాణికుడు, వేళకు నడచిన రైలులో నోరు కట్టుకొని కూర్చున్న ప్రయాణికునికంటె గమ్యమునకు దగ్గరగా నున్నవాడు.